వబా ఏడాదిలో గాంధీ దవాఖానా: భాంజీ అడిగిన ఒక సవాల్‌కు జవాబు



పోయిన రంజాన్‌లో ఒకరోజు ఇఫ్తార్ అయ్యాక మా భాంజీ ఒక సవాల్ అడిగింది. ఇప్పుడు హైస్కూల్లో ఉంది. కరోనా వచ్చినప్పుడు చిన్నపిల్ల. స్కూల్ బంద్ కావడం, ఈద్ నమాజ్ ఇంట్లో చదవడం తప్ప పెద్దగా ఏమీ యాద్ లేదు.

"మామూ, కరోనా మన వాళ్ల వల్లే వచ్చిందట కదా? క్లాసులో ఒకమ్మాయి అంది."

దస్తర్‌ఖాన్ దగ్గర అందరం ఒక్కసారి చుప్ అయిపోయాం. మా ఆపా "అలాంటి మాటలు పట్టించుకోకు బేటా" అని ప్లేట్లు తీయడం మొదలుపెట్టింది. నాకు ఆ జవాబు సరిపోలేదు. పట్టించుకోకపోతే ఇల్జామ్ పోదు, అక్కడే కూర్చుంటుంది. రేపు ఆ పిల్ల కూడా అది నిజమే కాబోలు అనుకుంటుంది.

ఆ రాత్రే రాద్దామనుకున్నాను. దేశం మొత్తం తారీఖ్ రాసే తాఖత్ నాకు లేదు. ఒక్క దవాఖానా తారీఖ్ రాస్తాను. సికింద్రాబాద్ గాంధీ దవాఖానా 2020లో ఏం చేసింది, ఎలా మారింది, దానికి ఎవరెవరు ఖీమత్ కట్టారు అన్నది. మన ఖౌమ్ కథ కూడా అందులోనే ఉంది. మంచీ ఉంది, తలదించుకోవాల్సిందీ ఉంది.

ఇలాజ్, తాలీం ఒకే కప్పు కింద

గాంధీ మామూలు దవాఖానా కాదు. మెడికల్ కాలేజీకి జోడించిన దవాఖానా. ఇలాంటి చోట తబీబ్ ఇలాజ్ చేస్తూనే ఉస్తాద్‌గా ఉంటాడు. మరీజ్ మంచం పక్కనే సబక్ జరుగుతుంది. మన షహర్‌కు ఇది కొత్త కాదు. 1595లో మొహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన దారుష్షిఫాలో యునానీ ఇలాజ్, యునానీ తాలీం రెండూ ఒకే చోట నడిచాయి. ఆ మహల్లాను నేటికీ దారుష్షిఫా అనే పిలుస్తున్నాం. 1846లో నిజాం హుకూమత్‌లో మొదలైన మెడికల్ స్కూలు తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది.

గాంధీ దవాఖానా సంగతి వేరు. అది 1851లో సికింద్రాబాద్‌లో చిన్న ఇన్ఫర్మరీగా మొదలైంది. కొన్నాళ్లు ఇంగ్లండ్ బాద్‌షా పేరుతో కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆస్పత్రిగా ఉంది. ఆజాదీ వచ్చాక 1958లో గాంధీజీ పేరు పెట్టారు. గాంధీ మెడికల్ కాలేజీ మాత్రం 1954లో హుమాయూన్‌నగర్‌లో పుట్టింది. పూనుకుని దాన్ని పెట్టించింది పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీకి చెందిన డాక్టర్ సయ్యద్ నిజాముద్దీన్ అహ్మద్. డబ్బు చాలక నడపడం ముష్కిల్ అయితే 1956లో సర్కారు తీసుకుంది. కాలేజీ 1958లో బషీర్‌బాగ్‌కు మారింది. 2003లో కాలేజీ, దవాఖానా రెండూ ముషీరాబాద్ పాత సెంట్రల్ జైలు ఉన్న జాగాకు చేరాయి. ఒకప్పుడు ఖైదీలున్న నేల మీద ఇప్పుడు మరీజులు ఉంటున్నారు.

ఆ నిజాముద్దీన్ పేరు గుర్తుంచుకోండి. తర్వాత మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మొదటి పని: పరీక్ష

2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ మెట్రో లైను మొదలైంది. ఆ లైనులో గాంధీ హాస్పిటల్ పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. షహర్ అంతా కొత్త రైలు చూసే ఖుషీలో ఉంది. దాదాపు ఆ రోజుల్లోనే గాంధీ మెడికల్ కాలేజీ వైరాలజీ ల్యాబ్‌లో కరోనా పరీక్షలు మొదలయ్యాయి. ఈ సంగతి పెద్దగా ఎవరికీ తెలియదు.

అంతకుముందు నమూనాలను పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీకి పంపేవారు. నమూనా ప్రయాణం, పరీక్ష, తిరిగి ఖబర్ రావడం, వీటన్నిటి మధ్య మరీజ్ వార్డులో ఇంతెజార్ చేస్తూ ఉండాలి. ల్యాబ్ ఇక్కడే పని మొదలుపెట్టాక ఆ ఇంతెజార్ తగ్గింది. ఆర్‌టీ-పీసీఆర్ అనే మాట ఆ ఏడాది అందరి నోటా నానింది గాని, అందులో ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు. ముక్కు, గొంతు నుంచి తీసిన నమూనాలో వైరస్ జన్యు పదార్థం చాలా కొంచెమే ఉంటుంది. దాన్ని విడదీసి, మెషీన్‌లో ఒకటికి రెండు, రెండుకు నాలుగు అవుతూ పెరిగేలా చేస్తారు. ఇలా 35, 40 విడతలు నడుస్తాయి. నమూనాలో వైరస్ ఉంటే ఆ పెరుగుదల మెషీన్‌కు కనిపిస్తుంది. లేకపోతే ఏమీ కనిపించదు. చేతిలో మందు లేని ఆ రోజుల్లో ఎవరిని వేరుగా ఉంచాలో తెలియడమే సగం ఇలాజ్.

మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు బయటపడింది. దుబాయ్ వెళ్లొచ్చి బెంగళూరు మీదుగా ఇల్లు చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతణ్ని గాంధీలోనే ఉంచారు. మార్చి సగం అయ్యేసరికి కోలుకుని ఇంటికెళ్లాడు. అదే సమయంలో ఇండోనేషియా నుంచి కరీంనగర్ వచ్చిన జమాత్ సభ్యుల్లో వైరస్ కనబడింది. వాళ్లనూ గాంధీకే తెచ్చారు. వాళ్లూ కోలుకున్నారు. మార్చి చివరికి తార్నాక దగ్గరి సీసీఎంబీ కూడా పరీక్షలకు చేయి కలిపింది.

దవాఖానాను ఖాళీ చేయడం

వబా వస్తే దవాఖానా నిండుతుంది అనుకుంటాం. ముందు ఖాళీ చేయాలన్న సంగతి తోచదు. గాంధీలో జరిగింది అదే. ఔట్ పేషెంట్ విభాగానికి రోజూ ఎక్కడెక్కడి జిల్లాల నుంచో జనం వచ్చేవారు. మార్చి చివరికల్లా దాన్ని బంద్ చేశారు. ఆపరేషన్లు, కాన్పులు, గుండె, కిడ్నీ మరీజులను ఉస్మానియాకు, ఇతర సర్కారు దవాఖానాలకు మళ్లించారు. మొత్తం దవాఖానాను కోవిడ్‌కే ముఖర్రర్ చేశారు. మొదటి నెలల్లో వైరస్ తేలిన వాళ్లందరికీ, లక్షణాలు పెద్దగా లేని వాళ్లకు కూడా, దారి గాంధీకే. ఇంట్లో ఉండి ఇలాజ్ చేయించుకోవచ్చన్న మాట, ప్రైవేటు ల్యాబులకు, ఆస్పత్రులకు ఇజాజత్ ఇవ్వడం తర్వాత వచ్చాయి.

వెయ్యికి కాస్త పైన ఉన్న పడకలు ఏడాది గడిచేలోపు 1,890 అయ్యాయి. సర్కారు రోజూ విడుదల చేసే బులెటిన్‌లో గాంధీ పేరు పక్కన ఆ అంకె కనిపించేది. మంచం వేయడం ఆసాన్. మంచం దగ్గరికి ఆక్సిజన్ తీసుకురావడమే అసలు పని. కోవిడ్ న్యుమోనియాలో ఊపిరి ముష్కిల్ అయిన మనిషికి సిలిండర్లు మారుస్తూ కూర్చుంటే చాలదు. హై ఫ్లో మెషీన్ మీద ఉన్న ఒక్క మరీజ్‌కే నిమిషానికి 60 లీటర్ల దాకా పోవచ్చు. అందుకే పెద్ద ట్యాంకులో ద్రవ ఆక్సిజన్ నింపుతారు. ఒక లీటరు ద్రవం వాయువుగా మారితే 800 లీటర్లకు పైగా అవుతుంది. అక్కడి నుంచి గోడల వెంట పైపులేసి ప్రతి మంచం దగ్గరా ఒక మూతి పెడతారు. ఒకప్పుడు ఐసీయూకు, ఆపరేషన్ థియేటర్‌కు మాత్రమే ఉండే ఈ ఇంతెజామ్‌ను మామూలు వార్డుల్లోకి తేవడం ఆ ఏడాది దవాఖానాలు చేసిన పెద్ద మార్పు.

ఇలాజ్ కూడా నెలనెలా మారింది. మరీజ్‌ను బోర్లా పడుకోబెడితే ఊపిరి మెరుగవుతుందని వార్డుల్లో అనుభవంతో తెలిసింది. జూన్‌లో బ్రిటన్ నుంచి రికవరీ అనే పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. డెక్సామెథాసోన్ అనే పాత, చవక మందు రోజుకు 6 మిల్లీగ్రాములు ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయని తేలింది. జనం ఖరీదైన ఇంజెక్షన్ల కోసం బ్లాక్ మార్కెట్ చుట్టూ తిరుగుతున్న రోజుల్లో జాన్ కాపాడుతుందని రుజువైంది గరీబ్ మందు.

ఉస్తాద్‌లు, షాగిర్ద్‌లు

మెడికల్ కాలేజీ దవాఖానాలకు ఒక తాఖత్ ఉంది. అది పీజీ డాక్టర్లు. ఎంబీబీఎస్ అయ్యాక ఎముకలు, కళ్లు, చర్మం, ఆపరేషన్లు ఇలా ఒక్కో విభాగంలో మూడేళ్లు నేర్చుకుంటూ డ్యూటీ చేసే జవాన్లు. 2020లో వీళ్లలో ఏ విభాగం వాళ్లయినా కోవిడ్ వార్డుకు రావాల్సిందే. కంటి డాక్టర్ కావాలని వచ్చిన అమ్మాయి ఆక్సిజన్ శాతం చూస్తూ నిలబడింది. ఎముకల ఆపరేషన్ నేర్చుకోవాల్సిన అబ్బాయి మయ్యత్ కాగితాల మీద దస్తఖత్ చేశాడు. పీపీఈ కిట్ తొడిగితే గంటల తరబడి నీళ్లు తాగడానికి లేదు, హాజత్‌కు పోవడానికి లేదు. మే నెల హైదరాబాద్ ఎండల్లో ఆ ప్లాస్టిక్ లోపల చెమటతో తడిసి ముద్దయ్యేవారు. విడతలవారీగా డ్యూటీ, తర్వాత ఇంటికి పోకుండా క్వారంటైన్. ఎంబీబీఎస్ పిల్లల క్లాసులు ఫోన్లలోకి మారాయి. మంచం పక్కన నేర్చుకోవాల్సిన సబక్ స్క్రీన్ మీద చూశారు.

నర్సులు, వార్డు బాయ్‌లు, ఊడ్చేవాళ్లు కూడా ఇందులో ఉన్నారు. తీమార్దారీకి లోపలికి ఎవరినీ రానివ్వని వార్డుల్లో మరీజ్‌కు నీళ్లు తాగించింది, పక్క మార్చింది, "ఇంటికి ఫోన్ కలిపి ఇస్తా ఉండు చాచా" అన్నది వీళ్లే. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ తన్‌ఖాల మీద పనిచేసే వీళ్లు ఆ జూలైలో సమ్మె చేయాల్సి వచ్చింది. చప్పట్లు కొట్టిన దేశం తన్‌ఖా దగ్గర చేయి బిగబట్టింది.

మార్చి 30 రాత్రి

ఇక మన సంగతి.

మార్చి 30న తెలంగాణ ముఖ్యమంత్రి కార్యాలయం ఒక ఎలాన్ చేసింది. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన ఇజ్తెమాకు వెళ్లొచ్చిన వాళ్లలో 6 మంది తెలంగాణలో చనిపోయారు. అందులో ఇద్దరు గాంధీలో. వెళ్లొచ్చిన వాళ్లందరూ ముందుకొచ్చి పరీక్ష చేయించుకోవాలని కోరింది. ఈ ఎలాన్‌తోనే మర్కజ్ సంగతి దేశానికంతా తెలిసింది.

ఆ రాత్రి నేను న్యూస్ డెస్క్ మీద ఉన్నాను. ఖబర్ రాయడం నా పని, రాశాను. మరుసటి రోజు నుంచి టీవీల్లో "జిహాద్" అనే లఫ్జ్ కరోనా పక్కన చేరింది. మాతో పనిచేసే ఒకతను మామూలుగానే అడిగాడు: "భాయ్, మీవాళ్లు ఎందుకు దాక్కుంటున్నారు?" నేను దాక్కోలేదు, పక్క కుర్చీలోనే ఉన్నాను. అయినా జవాబు చెప్పలేకపోయాను. మహల్లాల్లో కూరగాయలమ్మే మన వాళ్లను పేరు అడిగి వెనక్కి పంపారు. డాక్టర్ నిజాముద్దీన్ అహ్మద్ పెట్టించిన కాలేజీ వార్డుల్లో మన వాళ్లు ఇలాజ్ పొందుతున్న రోజుల్లోనే, బయట నిజాముద్దీన్ అనే పేరే గాలీగా మారింది.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలంటే మన వైపు తప్పు కూడా చెప్పాలి. మార్చి 13న ఢిల్లీ సర్కారు 200 మందికి మించి గుమికూడొద్దంది. 16న ఆ సంఖ్యను 50కి దించింది. అప్పటికీ మర్కజ్‌లో వందల మంది ఉన్నారు. అది గఫ్లత్. హజ్రత్ ఉమర్ షామ్ దారిలో తావూన్ ఖబర్ విని లష్కర్‌తో వెనక్కి మళ్లిన వాకయా జుమా ఖుత్బాల్లో ఎన్నిసార్లు విన్నాం? అది తెలిసిన ఉమ్మత్ మనం. ముందుగా తెలుసుకోవాల్సింది. కానీ గఫ్లత్ వేరు, సాజిష్ వేరు.

ఏప్రిల్ 1న ఇంకా శరమ్ పడాల్సిన సంగతి జరిగింది. గాంధీలో ఒక మరీజ్ చనిపోయాడు. అతని రిష్తేదార్లు డ్యూటీలో ఉన్న డాక్టర్ మీద చేయి చేసుకున్నారు. ఆ కుటుంబం మర్కజ్‌కు వెళ్లొచ్చిన వాళ్లదని పత్రికల్లో వచ్చింది. గమ్‌లో మనిషి హోష్ తప్పుతాడు, సమజ్ అవుతుంది. కానీ తన ఇంటికి పోకుండా మన ఇంటి మనిషికి ఊపిరి అందిస్తున్నవాడి మీద చేయెత్తడాన్ని ఏ మాటతోనూ మాఫ్ చేయించలేం. ఇది మన పిల్లలకు చెప్పాలి. దాచకూడదు.

అయితే దాడులు అక్కడితో ఆగలేదు. జూన్ 9 రాత్రి మరో మరీజ్ మౌత్ తర్వాత మరో కుటుంబం జూనియర్ డాక్టర్ మీద దాడి చేసింది. ఈసారి దాన్ని ఎవరూ మజ్‌హబ్‌తో ముడిపెట్టలేదు. పెట్టకూడదు కూడా. ఏప్రిల్‌లో జరిగినదాన్నీ అలాగే చూడాల్సింది.

జూన్ దాడి తర్వాత జూనియర్ డాక్టర్లు డ్యూటీ వదిలి రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్లడిగింది భద్రత ఒక్కటే కాదు. రాష్ట్రం భారమంతా ఒక్క గాంధీ మీద వేయొద్దు, మిగతా టీచింగ్ దవాఖానాల్లో కూడా కోవిడ్ ఇలాజ్ మొదలుపెట్టండి అన్నారు. మరుసటి రోజు ఆరోగ్య మంత్రి ఈటల రాజేందర్ వచ్చి మాట్లాడాక సమ్మె ఆగింది. పెద్దల కమిటీలకు కనబడనిది వార్డులో నిలబడ్డ షాగిర్ద్‌లకు కనబడింది. తర్వాత భారం మిగతా చోట్లకూ పంచారు.

ఖూన్ ఇచ్చినవాళ్లు

ఏప్రిల్ చివర్లో ఇంకో సంగతి. కోవిడ్ నుంచి కోలుకున్న మనిషి ఖూన్‌లో వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు ఉంటాయి. ఖూన్‌లోని ప్లాస్మాను తీసి బీమార్ మనిషికి ఎక్కిస్తే ఫాయిదా ఉంటుందేమో అన్నది అప్పటి ఉమ్మీద్. ఐసీఎంఆర్ దేశమంతటా 39 దవాఖానాల్లో దీన్ని పరీక్షించింది. వాటిలో గాంధీ ఒకటి.

ప్లాస్మా ఎవరిస్తారు? ముందు బీమార్ అయి, ముందు కోలుకున్నవాళ్లే ఇవ్వాలి. తెలంగాణలో వాళ్లలో జమాత్ వాళ్లు చాలామంది ఉన్నారు. 30 మందికి పైగా ఇస్తామని ముందుకొచ్చారు. ఆ ఫెహరిస్త్‌ను ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఆరోగ్య మంత్రికి అందించారు. రంజాన్ ఏప్రిల్ 25న మొదలైంది. నెల కింద బద్‌నామ్ అయినవాళ్లు, ఎవరో తెలియని మరీజ్ కోసం చేయి చాపి సూది గుచ్చుకోవడానికి తయ్యార్ అయ్యారు.

కథ ఇక్కడ ఆపితే వినడానికి బాగుంటుంది. కానీ తారీఖ్ పూర్తిగా చెప్పాలి. ఆ పరీక్షలో 464 మంది మరీజులను చూశారు. అక్టోబరులో ఫలితం వచ్చింది. ప్లాస్మా వల్ల మరణాలు తగ్గలేదు, జబ్బు ముదరడం ఆగలేదు. 2021 మే నెలలో ఐసీఎంఆర్ దాన్ని ఇలాజ్ జాబితా నుంచి తీసేసింది. మరి ఆ ఖూన్ బేకార్ అయినట్టేనా? కాదు. పనిచేస్తుందా లేదా అని తేల్చుకోకుండా ఇచ్చుకుంటూ పోతే మందుకూ తాయెత్తుకూ ఫరక్ ఉండదు. ఆ సవాల్ అడిగి, జవాబు తమ ఆశకు ఖిలాఫ్‌గా వచ్చినా ఒప్పుకోవడం ఇల్మ్ ఉన్న దవాఖానా పని. ఆ ఇల్మ్‌కు ఖూన్ ఇచ్చినవాళ్ల హిస్సా ఉంది. వాళ్ల నియ్యత్‌కు అజర్ అల్లాహ్ దగ్గర ఉంది.

మయ్యత్‌లు

ఆ ఏడాది చావు కూడా మారిపోయింది. గాంధీలో చనిపోయిన మనిషిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి అప్పగించేవారు. చాలా ఇళ్లలో ఆఖరి దీదార్ కూడా దక్కలేదు. గుస్ల్ ఎలా ఇవ్వాలి, జనాజా ఎంతమందితో చదవాలి అన్నవి ఇంటింటి సవాళ్లయ్యాయి. నీళ్లతో గుస్ల్ కుదరని చోట తయమ్ముమ్ ఉందని ఉలమా ధైర్యం చెప్పారు. కొన్ని కబ్రస్తాన్లలో కోవిడ్ మయ్యత్‌లకు చోటివ్వమన్నారు. ఇది కూడా మనవాళ్లే చేశారు, యాద్ పెట్టుకోండి. మన షహర్‌లోనే ముస్లిం నౌజవాన్ల జట్లు పీపీఈ కిట్లు తొడిగి, ఎవరూ ముట్టుకోని మయ్యత్‌లను మోశాయి. చనిపోయింది ముస్లిమైతే దఫన్, హిందువైతే శ్మశానం దాకా తీసుకెళ్లి వాళ్ల రివాజ్ ప్రకారం ఆఖరి కార్యం జరిపించడం. రెండూ చేశారు.

ఖీమత్ ఎవరు కట్టారు

గాంధీ కోవిడ్‌కు పూర్తిగా మారడం వల్ల జాన్లు దక్కాయి. అందులో షక్ లేదు. కానీ డయాలసిస్ కోసం వచ్చేవాళ్లు, కాన్సర్ గడ్డ తీయించుకోవాల్సినవాళ్లు, నెలలు నిండిన గరీబ్ తల్లులు ఎక్కడికి పోయారు? బస్సుల్లేని లాక్‌డౌన్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు తిరిగారు. వాళ్లను ఎక్కువగా పంపింది ఉస్మానియాకు. జూలై సగంలో కురిసిన వానకు ఆ ఉస్మానియా పాత ఇమారత్ వార్డుల్లోకే నీళ్లొచ్చాయి. మంచాల కింద మురుగునీళ్లు పారుతున్న వీడియోలు మీకు యాద్ ఉండే ఉంటాయి. ఆ నెలలోనే పాత ఇమారత్‌ను ఖాళీ చేయించారు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టిన ఇమారత్ వబా నడుమ చేతులెత్తేసింది. దానికి కారణం వబా కాదు. ఎన్నో ఏళ్లుగా పేరుకున్న గఫ్లత్.

నవంబరులో గాంధీ మళ్లీ మామూలు మరీజులకు తలుపు తెరిచింది. 2021 జనవరి 16న తెలంగాణలో మొదటి కోవిడ్ టీకా గాంధీలోనే వేశారు. వేసుకున్నది పెద్ద ఆఫీసర్ కాదు, ఆ దవాఖానా ఊడ్చే ఒక కార్మికురాలు. మన మహల్లాల్లో టీకా హరామ్ అనీ, పిల్లలు పుట్టరనీ అఫ్వాలు తిరుగుతున్న రోజులవి. వార్డు ఊడ్చే ఆమె అందరికంటే ముందు చేయి చాపింది. ఏప్రిల్‌లో రెండో లహర్ వచ్చి గాంధీ మళ్లీ పూర్తిగా కోవిడ్ దవాఖానా అయింది. ఈసారి పైపులు ఉన్నాయి, పడకలు ఉన్నాయి, చేసిన తజుర్బా ఉంది. అయినా వచ్చింది అంతకంటే పెద్ద తుఫాను. అది వేరే తారీఖ్.

భాంజీకి జవాబు

ఇప్పుడు నీ సవాల్‌కు జవాబు చెప్తాను బేటా.

2020 ఏప్రిల్ 18న కేంద్ర సర్కారు ఒక లెక్క చెప్పింది. దేశంలో అప్పటి 14,378 కేసుల్లో 4,291 మర్కజ్‌తో సంబంధం ఉన్నవి. అంటే దాదాపు 30 శాతం. ఈ అంకె నిజమే. కానీ ఆ రోజుల్లో పరీక్షలు చాలా తక్కువ. ఎవరిని వెతికి వెతికి పరీక్షించారో వాళ్లలోనే కేసులు ఎక్కువ తేలాయి. టార్చ్ వేసిన మూలే కనబడుతుంది, మిగతా గది చీకట్లోనే ఉంటుంది. అదే ఏడాది డిసెంబరు 19కి దేశంలో కేసులు కోటి దాటాయి. కోటి పక్కన ఆ 4,291 పెట్టి నువ్వే లెక్క చూడు.

అదాలత్‌లు కూడా మాట్లాడాయి. ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ జమాత్ సభ్యుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. డిసెంబరులో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను బరీ చేసింది. ఇల్జామ్ మొదటి పేజీలో వచ్చింది. రిహాయీ లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో వచ్చింది. అఖ్బార్ మనిషిగా ఆ శరమ్‌లో నా హిస్సా కూడా ఉంది.

నీ క్లాసు అమ్మాయితో కొట్లాడకు. ఇది చెప్పు. ఆ ఏడాది మన వాళ్లు కొందరు గఫ్లత్ చేశారు, ఒకరిద్దరు చేయెత్తారు. మన వాళ్లే ప్లాస్మా ఇస్తామని ముందుకొచ్చారు, మయ్యత్‌లు మోశారు. నిజాముద్దీన్ అనే ఒక తబీబ్ పూనుకుని పెట్టించిన కాలేజీ ఆ ఏడాది రాష్ట్రం భారం మోసింది. అక్కడి నర్సు, పీజీ డాక్టర్, ఊడ్చే ఆమె తీమార్దారీ చేసిన వాళ్లలో నీ పేరున్నవాళ్లూ ఉన్నారు, ఆ అమ్మాయి పేరున్నవాళ్లూ ఉన్నారు.

సర్కారు దవాఖానా మన అమానత్. దాన్ని గరీబ్ చోటు అని నాక్ ముడిచే మన మధ్యతరగతి ఇళ్లు కూడా ఆ ఏడాది దాని గేటు ముందే నిలబడ్డాయి. ఉస్మానియా ఇమారత్ గురించి, ఔట్‌సోర్సింగ్ తన్‌ఖాల గురించి మనం అడుగుతూ ఉండాలి. మళ్లీ వబా వచ్చాక అడిగితే దేర్ అయిపోతుంది.

ఆ ఏడాది వెళ్లిపోయిన మర్హూమీన్ అందరి మఘ్‌ఫిరత్ కోసం, ఖిద్మత్ చేసిన వాళ్లందరి సలామతీ కోసం దువా చేయండి. మీ ఇంట్లో ఎవరైనా ఆ ఏడాది గాంధీ వార్డులో ఉండి వచ్చి ఉంటే, ఇంకా దేర్ కాకముందే వాళ్లను కూర్చోబెట్టి అడగండి. పిల్లల ముందే అడగండి.

అల్లాహ్ హాఫిజ్.